మొగ తెరిచి ఉంటేనే పులికాట్

గత సంచికలో వలస పక్షుల గురించి రాసినప్పుడు పులికాట్ సరస్సును ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాం. ఆ ఒక్క వాక్యమే చాలామందిని కదిలించినట్టుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ సరస్సు గురించే ఉన్నాయి కనుక, ఈసారి శీర్షికనంతా దానికే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: పాఠ్యపుస్తకంలో పులికాట్‌ను ఒకచోట సరస్సు అనీ, మరోచోట లగూన్ అనీ రాశారు. పిల్లలు ఏది సరైనదని అడుగుతున్నారు. అసలు ఇది ఎలా ఏర్పడింది? (గూడూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

రెండూ సరైనవే. సరస్సు అనేది అన్నిటికీ చెల్లే పేరు, లగూన్ అనేది అందులో ఒక ప్రత్యేకమైన రకానికి పేరు. సముద్రానికి ఆనుకుని, సముద్రానికీ తనకూ మధ్య ఒక ఇసుక దిబ్బను అడ్డుగా పెట్టుకుని, ఆ దిబ్బలోని ఒకటి రెండు సన్నని దారుల గుండా మాత్రమే సముద్రంతో రాకపోకలు సాగించే లోతు తక్కువ నీటిని లగూన్ అంటారు. ఆ దారిని పుస్తకాలలో ముఖద్వారం అని రాస్తారు. తీరం వెంబడి ప్రజలు మొగ అంటారు. ఈ మొగ అన్న మాటను పిల్లలకు ముందుగా నేర్పండి, ఎందుకంటే ఈ సరస్సు గురించి ఏ ప్రశ్న అడిగినా జవాబు చివరకు దాని దగ్గరికే వస్తుంది.

పులికాట్ విషయంలో ఆ అడ్డుగోడ శ్రీహరికోట దీవి. బంగాళాఖాతానికీ సరస్సుకూ నడుమ ఉత్తర దక్షిణాలుగా పొడవుగా పడుకున్న ఇసుక నేల అది. కొన్ని వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం పెరిగి పల్లపు తీరాన్ని ముంచెత్తిన తరువాత, అలలు మోసుకొచ్చిన ఇసుక తీరానికి సమాంతరంగా దిబ్బలుగా పేరుకుంటూ వచ్చింది. ఆ దిబ్బలకు వెనుక చిక్కిన నీరే నేటి సరస్సు. పడమటి నుంచి సూళ్లూరుపేట పక్కగా కాళంగి, దక్షిణాన తమిళనాడు వైపు ఆరణి నది వచ్చి ఇందులో కలుస్తాయి. శ్రీకాళహస్తి మీదుగా వచ్చే స్వర్ణముఖి తానుగా సముద్రానికి వెళ్లినా, దాని పాయ నీరు సరస్సు ఉత్తర భాగానికి చేరుతుంది. ఇవేవీ ఏడాది పొడవునా పారే జీవనదులు కావు. ఈశాన్య రుతుపవనాలు కురిసే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉరికి, తరువాత ఇసుక బాటలుగా మిగిలిపోయే నదులు. అందువల్ల సరస్సుకు మంచినీరు ఏడాదికి ఒక్కసారి అందే కానుక అయితే, ఉప్పునీరు రోజూ పోటుతో వచ్చి పాటుతో వెనక్కి వెళ్లే అతిథి. ఈ రెండు నీళ్ల కలయిక పాళ్లు నెలనెలా మారుతూ ఉండడమే లగూన్ స్వభావం. వానాకాలంలో నదులు కలిసే చోట నీరు దాదాపు చప్పగా ఉంటుంది. అదే చోట మే నెలలో, లోతు లేక నీరు ఆవిరైపోయి, సముద్రాన్ని మించిన ఉప్పదనం ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుందని గుర్తుంచుకుంటే, ఇక్కడి జీవులు ఎంతటి మార్పును తట్టుకుని బతుకుతున్నాయో పిల్లలకు తెలుస్తుంది.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. పులికాట్ వైశాల్యం ఒక పుస్తకంలో 250 చదరపు కిలోమీటర్లు, మరో పుస్తకంలో 450 అని ఉంది. ఏది గుర్తుపెట్టుకోవాలి? (తిరుపతి)

రెండు అంకెలనూ, వాటి కారణంతో సహా గుర్తుపెట్టుకోండి. పాటు సమయంలో నీరు నిలిచే మేర సుమారు 250 చదరపు కిలోమీటర్లు, పోటు సమయంలో సుమారు 450. ఈ తీరంలో ఆటుపోట్ల మధ్య నీటిమట్టం తేడా సుమారు ఒక మీటరే. అయినా వైశాల్యం ఇంతగా మారడానికి కారణం సరస్సు అడుగు పళ్లెంలా చదునుగా ఉండడమే. సగటు లోతు ఒక మీటరు చుట్టుపక్కల ఉండే చోట, నీరు జానెడు పెరిగితే కిలోమీటర్ల మేర బురద నేల మునుగుతుంది, జానెడు తగ్గితే అంత మేరా తేలుతుంది. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల రెండు వందల మీటర్లు, కొన్నిచోట్ల 17 కిలోమీటర్లకు పైగా. మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాతి స్థానం దీనిదే. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉంది. 2022లో జరిగిన జిల్లాల విభజనతో సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కనుక, పాత పుస్తకాలు చదివేటప్పుడు ఆ సంగతి చూసుకోండి.

ప్రశ్న: మా తాతగారు దీన్ని ప్రళయ కావేరి అనేవారు. పులికాట్ అనే పేరు ఎక్కడిది? (సూళ్లూరుపేట)

మీ తాతగారు వాడినది ఈ ప్రాంతపు తెలుగువారి సొంత పేరు. దక్షిణపు కొసన ఉన్న ఊరిని తమిళంలో పళవేర్కాడు అంటారు. పాత వేర్ల అడవి అని ఆ పేరుకు అర్థం చెబుతారు. విదేశీ వర్తకుల నోట ఆ పేరు పులికాట్ అయింది. డచ్చివారు పదిహేడో శతాబ్దం మొదట్లో అక్కడ వర్తక స్థావరం పెట్టి, 1613లో గెల్డ్రియా కోట కట్టి, కోరమండల్ తీరంలోని తమ బట్టల వ్యాపారానికి దానినే కేంద్రంగా చేసుకున్నారు. ఓడలు నిలిచే ఊరి పేరే పటాలకెక్కి, ఆ ఊరి వెనుక ఉన్న నీటికంతటికీ అంటుకుంది. ప్రళయ కావేరి అన్న పేరును మీ ఇంట్లో పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: మాది చేపల వేట మీద బతికే కుటుంబం. మా నాన్న రోజుల్లో దొరికినన్ని రొయ్యలు ఇప్పుడు దొరకడం లేదు. సరస్సులోనే పుట్టే రొయ్య సరస్సులో ఎందుకు తగ్గిపోతోంది? మొగ పూడిపోవడమే కారణమని పెద్దలు అంటారు, నిజమేనా? (తడ దగ్గరి ఒక తీర గ్రామం నుంచి)

మీ పెద్దలు చెప్పింది నిజం. అయితే ప్రశ్నలో ఒక చిన్న సవరణ చేయాలి, ఆ సవరణలోనే జవాబు ఉంది. రొయ్య సరస్సులో పుట్టదు. సరస్సులో పెరుగుతుంది.

తెల్లరొయ్య గానీ టైగర్ రొయ్య గానీ గుడ్లు పెట్టేది సముద్రంలో. ఒక్కో తల్లి లక్షల గుడ్లు విడుస్తుంది. వాటి నుంచి వచ్చిన పిల్లలు కంటికి ఆనని దశలలో కొన్ని వారాలు అలల మీద తేలుతూ, వేలిగోరంత పొడవుకు వచ్చేసరికి తీరం దగ్గరికి చేరి, పోటు నీటితో పాటు మొగ గుండా సరస్సులోకి వస్తాయి. లోపల అలల తాకిడి లేదు, పెద్ద చేపల బెడద తక్కువ, వెచ్చని బురదలో తిండికి కొదవ లేదు. కొన్ని నెలలు తిని పెరిగి, పెద్దదయ్యే వేళకు పాటు నీటితో తిరిగి సముద్రానికి బయలుదేరుతుంది. మీ వలలో పడేది ఆ పెరుగుదల కాలంలోనో, ఆ తిరుగు ప్రయాణంలోనో ఉన్న రొయ్య. మండపీతది ఇందుకు కొంచెం తిరగేసిన కథ. అది సరస్సులోని బురదలో జతకడుతుంది, గుడ్లున్న ఆడపీత మాత్రం వాటిని వదలడానికి సముద్రానికి వెళుతుంది. పండుగప్ప కూడా ఉప్పునీటిలోనే గుడ్లు పెట్టాలి. అది మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్ల తరువాత ఆడదిగా మారే చేప కనుక, పెద్ద చేపలు సముద్రం వైపు వెళ్లలేకపోతే తరువాతి తరం పిల్లలే కరువవుతాయి. పాలబొంత చేప పిల్లలు సైతం బయటి నుంచే రావాలి. మీ వలలోని విలువైన సరుకులో అధిక భాగానికి రావడానికైనా పోవడానికైనా మొగ ఒక్కటే దారి. ఆ దారి మూసుకుపోతే లోపల ఎంత నీరున్నా, అది పిల్లలు రాని బడి లాంటిదే.

ఇక మొగ ఎందుకు పూడుతుంది? మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతూ ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడుతూ ఉంటాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం మీద ఇసుక నడక ఉత్తరం వైపే. చెన్నైలో ఓడరేవు గోడలు కట్టిన తరువాత వాటికి దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా బీచి విశాలమైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. ఆ నడక ఎంత బలమైనదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఈ ఇసుక ప్రతి మొగకూ అడ్డుగా నాలుక చాపుతుంది. దాన్ని కోసి దారి తెరిచేది లోపలి నుంచి వచ్చే నీటి ఉరవడి. వానలు బాగా పడి నదులు పొంగిన ఏడు సరస్సు నిండి, ఆ బరువుతో మొగను తానే తెంచుకుంటుంది. నదుల మీద ఆనకట్టలు, చెరువులు, నీరు తోడుకోవడం పెరిగి వచ్చే నీరు తగ్గిన కొద్దీ ఆ ఉరవడి తగ్గుతుంది, ఇసుకదే పైచేయి అవుతుంది. ఉత్తరాన రాయదొరువు దగ్గరి ముఖద్వారం ఇలాగే పూడికతో సతమతమవుతోంది. దక్షిణాన పళవేర్కాడు దగ్గరి మొగ మీద కూడా ఇదే ఒత్తిడి ఉంది.

పూడిక తీస్తే ఫలితం ఉంటుందా అని ఇంకొందరు అడిగారు. చిలికా అనుభవం ఆశ కలిగిస్తుంది. అక్కడా మొగ దూరంగా జరిగిపోయి, ఇసుకతో ఇరుకై, సరస్సులో ఉప్పదనం పడిపోయి, నీటి కలుపు కమ్మేసింది. ఆ స్థితి చూసి, చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సార్ ఒప్పందం కింద 1993లో చిలికాను ముప్పులో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త దారి తవ్విన తరువాత ఉప్పదనం తిరిగి వచ్చింది, చేపల దిగుబడి కోలుకుంది, 2002లో ఆ జాబితా నుంచి పేరు తొలగించారు. కానీ అక్కడ తవ్వకానికి ముందు ఇసుక నడకనూ నీటి ప్రవాహాన్నీ అధ్యయనం చేశారు. ఎక్కడ తవ్వితే నిలుస్తుందో తేల్చుకోకుండా పులికాట్‌లో నాలుగు యంత్రాలు దింపితే, తీసిన ఇసుక ఒక్క ఋతువులో తిరిగి వచ్చి కూర్చుంటుంది. పూడికతీత అడగండి, గట్టిగా అడగండి. దానితో పాటు నదుల నుంచి సరస్సుకు చేరవలసిన నీటి వాటాను కూడా అడగండి. ఆ రెండోది లేకుండా మొదటిది నిలవదన్నది మా అభిప్రాయం.

ప్రశ్న: సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళుతుంటే రోడ్డుకు ఒకవైపు నీళ్లు, మరోవైపు ఎండిన నేల కనిపించాయి. ఒకే సరస్సులో ఇంత తేడా ఎందుకు? (నెల్లూరు)

మీరు ప్రయాణించిన ఆ రోడ్డు సరస్సుకు అడ్డంగా పోసిన కట్ట. శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రం వచ్చి, 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ ఎగిరిన నాటి నుంచి ఆ దీవికి రాకపోకలకు ఈ దారే ఆధారం. కట్ట కింద నీరు పారడానికి తూములు ఉన్నా, విశాలమైన సరస్సులో స్వేచ్ఛగా కదలవలసిన నీటికి అవి ఇరుకు సందులే. దక్షిణపు మొగ నుంచి వచ్చే పోటు నీరు కట్ట దాటి ఉత్తరానికి అంతంత మాత్రంగా చేరుతుంది. ఉత్తరాన రాయదొరువు మొగ పూడి ఉంటే అటు నుంచీ రాదు. అందుకే వేసవి ముదిరేకొద్దీ ఉత్తర భాగం ముందుగా ఎండుతుంది. అంతరిక్ష కేంద్రం దేశానికి గర్వకారణం, అందులో రెండో మాట లేదు. ఆ దారిలో మరిన్ని చోట్ల నీటికి వెడల్పాటి వంతెనలు ఉండాలని కోరుకోవడం దానికి విరుద్ధం కాదు.

ఇదే సందర్భంలో మరో మాట చెప్పాలి. అంతరిక్ష కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవులలో యానాదులు నివసించేవారు. కేంద్రం కోసం నేల తీసుకున్నప్పుడు వారిలో చాలామంది వేరే చోట్లకు తరలవలసి వచ్చింది. వల లేకుండా, మోకాలి లోతు బురద నీటిలో చేతులతో తడిమి రొయ్యను, పీతను పట్టే నేర్పు వారిది. సరస్సు అడుగు ఎక్కడ మెత్తగా ఉంటుందో, ఎక్కడ గవ్వలు తగులుతాయో అరికాళ్లతో తెలిసినవారు వారు. పులికాట్ గురించి రాసే ఎవరైనా పక్షుల పేర్లతో పాటు ఈ మనుషులనూ తలుచుకోవాలి.

ప్రశ్న: కొల్లేరు, పులికాట్ రెండూ ఒకటేనా? (ఏలూరు)

కాదు. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. సముద్రానికి దూరంగా ఉండి, ఉప్పుటేరు అనే పొడవాటి కాలువ ద్వారా మిగులు నీటిని పంపుతుంది. పులికాట్ సముద్రం గడపలోనే ఉన్న ఉప్పునీటి సరస్సు. గూడబాతులు (పెలికాన్లు) మాత్రం రెండు చోట్లా కనిపిస్తాయి.

ప్రశ్న: ఫ్లెమింగోలు ఎక్కడి నుంచి వస్తాయి? గులాబీ రంగు ఎలా వస్తుంది? తల కిందులుగా పెట్టి ఏం తింటాయి? మన దగ్గర గూళ్లు కడతాయా? (వేరువేరు ఊళ్ల నుంచి పదకొండు ఉత్తరాలు, అందులో ఆరు విద్యార్థులవి)

ముందు చివరి ప్రశ్న. ఫ్లెమింగోలు పులికాట్‌కు వచ్చేది తిండి కోసం, గూళ్ల కోసం కాదు. మన దేశంలో వాటి ప్రధాన పుట్టింటి నేల గుజరాత్‌లోని కచ్ రణ్. అక్కడి ఉప్పు బురదలో, బోర్లించిన కుండల్లాంటి మట్టి దిబ్బలు కట్టుకుని, జంటకు ఒక్కటే గుడ్డు పెట్టి పొదుగుతాయి. పులికాట్‌లో వాటి సందడి ఎక్కువగా ఉండేది చలికాలంలో. కొందరు వీటిని రాజహంసలు అంటారు కానీ, ఇవి హంస జాతివి కావు.

తిండి సంగతి దగ్గరగా చూడవలసిన దృశ్యం. మంచి దుర్భిణితో ఒక్క పక్షినే పది నిమిషాలు గమనించండి. పెద్ద ఫ్లెమింగో పొడవాటి కాళ్లతో ఒకేచోట నిలబడి, అడుగు మార్చి అడుగు తొక్కుతూ, తన ముక్కు చుట్టూ గానుగెద్దులా మెల్లగా తిరుగుతుంది. ఆ తొక్కుడుకు బురదలో దాగిన సన్నని పురుగులు, చిన్న రొయ్య జాతులు, నత్తపిల్లలు, గింజలు పైకి లేస్తాయి. అప్పుడు మెడ వంచి, వంకర ముక్కును పైభాగం కిందికి వచ్చేలా తిప్పి నీటిలో ముంచుతుంది. చాలా పక్షులకు ముఖ్యంగా కింది దవడ కదిలితే, దీనికి కిందికి వచ్చిన పై దవడ కూడా కదులుతుంది. దళసరి నాలుక ముందుకూ వెనుకకూ పంపులా ఆడుతూ సెకనుకు నాలుగైదు సార్లు నీటిని లాగి వదులుతుంది. ముక్కు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి సన్నని పొరలుంటాయి. నీరూ బురదా వాటి గుండా బయటికి పోతాయి, తిండి లోపల నిలుస్తుంది. మన ఇళ్లలో జల్లెడ పట్టినట్టే. పక్షి ముందుకు సాగిపోయాక, నీరు తగ్గిన చోట చూస్తే, నడుమ చిన్న దిబ్బ, చుట్టూ గుండ్రటి కాలువతో గాజులు పరిచినట్టు గుర్తులు బురద మీద మిగిలి ఉంటాయి.

ఈ పని జరగాలంటే నీరు దాని మోకాళ్ల దగ్గరో, కాస్త పైనో ఉండాలి. కనుక కొందరు ఉత్తరాలలో రాసినట్టు ఈ సరస్సుకు లోతు లేకపోవడం లోపం కాదు. ఆ లోతు లేనితనమే ఇన్ని వేల పక్షులకు కంచం. లోతు పెంచుదామని సరస్సంతా తవ్వితే ఫ్లెమింగోకు నిలబడే చోటు ఉండదు. తవ్వవలసింది మొగను, అడుగును కాదు.

రంగు తిండి నుంచి వస్తుంది. నాచులోనూ, ఆ నాచును తినే చిన్న జీవులలోనూ ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు ఈకలకు చేరి గులాబీ రంగునిస్తాయి. క్యారెట్‌కు రంగునిచ్చేది కూడా అదే కుటుంబపు పదార్థం. పుట్టినప్పుడు పిల్ల బూడిద రంగులో ఉంటుంది, పూర్తి రంగు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అందుకే గుంపులో పాలిపోయిన బూడిద రంగువి కనిపిస్తే అవి జబ్బు పక్షులు కావు, చిన్నవి. పులికాట్‌లో పెద్ద ఫ్లెమింగోతో పాటు ఎత్తు తక్కువగా, ముక్కు ముదురు రంగులో ఉండే చిన్న ఫ్లెమింగో కూడా కనిపిస్తుంది. దాని ప్రధాన ఆహారం సూక్ష్మమైన నాచు.

చలికాలపు అతిథులు ఇవి మాత్రమే కావు. ఉత్తర ఆసియా నుంచి సూదితోక బాతులు, గరిటెలాంటి ముక్కున్న బాతులు, ఆర్కిటిక్ ప్రాంతపు టండ్రా నేలల మీద గూళ్లు కట్టే చిన్న ఉల్లంకి జాతులు వస్తాయి. ఫ్లెమింగో వైభవం ముందు ఈ పిడికెడు ఉల్లంకులను ఎవరూ పట్టించుకోరు. అరచేతిలో ఇమిడే ప్రాణి అన్ని వేల మైళ్లు ఎగిరి వచ్చి మన బురదలో ముక్కు గుచ్చి వెతుక్కుంటుంటే చూడడం కన్నులకు తక్కువ పండుగేమీ కాదు.

ప్రశ్న: గూడబాతులు పులికాట్‌లో చేపలు తిని, నేలపట్టు చెరువులో గూళ్లెందుకు కడతాయి? (నాయుడుపేట)

సరస్సులో తిండి ఉంది, చెట్టు లేదు. నేలపట్టులో చెట్టు ఉంది, దాని చుట్టూ నీరు ఉంది. దొరవారిసత్రం దగ్గరి ఈ చెరువును 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్లు మాత్రమే. చెరువు నీటిలోనే నిలబడి బతికే కడప చెట్లు ఇక్కడ ఉన్నాయి. కాండం చుట్టూ నీరుండడం వల్ల పిల్లులు, నక్కలు గూళ్ల దగ్గరికి రావడం కష్టం. గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు కూడా అవే చెట్ల మీద అంతస్తులుగా కాపురం పెడతాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందు మిగిలి ఉంటుంది, నత్తను పట్టి లోపలి మాంసాన్ని లాగడానికి ఆ ముక్కు పనికొస్తుంది. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు కింది పొలాలకు ఎరువుగా పారుతుంది కనుక, రైతుకూ పక్షికీ మధ్య తగువు లేదు.

గూడబాతుకు ఈశాన్య వానలే పంచాంగం. వాన పడి చెరువు నిండితేనే గూడు కడుతుంది. చెరువు నిండని ఏడు వచ్చిన పక్షులు వెనుదిరుగుతాయి. ఒకచోట సరస్సు, మరోచోట చెరువు, వాటి నడుమ రోజూ ఎగిరే దారి, ఈ మూడూ కలిస్తేనే ఒక పిల్ల పెరుగుతుంది. ఇందులో ఏ ఒక్కదాన్ని కాపాడినా మిగిలిన రెండూ పోతే లాభం లేదు.

ప్రశ్న: సరస్సు పక్కన రొయ్యల చెరువులు తవ్వుకోవచ్చా? (వాకాడు)

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో పులికాట్, చిలికా సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల సాగు చెరువులు ఉండరాదని స్పష్టంగా చెప్పింది. ఆ తరువాత 2005లో కోస్తా ఆక్వా సాగుపై పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. మీ నేల ఏ పరిధిలోకి వస్తుందో తహసీల్దారు కార్యాలయంలోనూ మత్స్యశాఖలోనూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోకుండా పెట్టుబడి పెట్టకండి. చెరువుల వ్యర్థ జలం సరస్సులోకి వదిలితే, అదే నీటిని తిరిగి తోడుకునేది మీ చెరువులే అన్న సంగతి కూడా మరవకండి.

ప్రశ్న: చూడడానికి ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి? (హైదరాబాద్)

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. శ్రీహరికోట రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర ఆగి చూడవచ్చు. పడవ మీద వెళ్లాలంటే తడ దగ్గరి భీములవారిపాళెం రేవుకు వెళ్లాలి. ఇరకం దీవి వాసులకు కూడా పడవే ఆధారం. ఉదయం వెలుతురులో వెళ్లండి, సూర్యుడు మీ వెనుక ఉండేలా నిలబడండి. ఫొటో కోసం గుంపును లేపకండి, ఎగిరిన ప్రతిసారీ అవి తిన్న తిండి కొంత ఖర్చయిపోతుంది.

ప్రశ్న: మే నెలలో వెళ్లాం. నీళ్లు లేవు, పక్షులు లేవు, తెల్లటి ఎండు నేల తప్ప ఏమీ లేదు. సరస్సు చచ్చిపోయినట్టేనా? (ఒంగోలు)

మీ ఉత్తరం చదివినప్పుడు మీరు పడిన బాధ మాకు అర్థమైంది. కానీ వేసవి ఎండు, మొగ పూడిన ఎండు, రెండూ ఒకటి కావు. వేసవిలో కొంత భాగం ఎండడం ఈ సరస్సు ఏటా చేసే పనే. ఆ తెల్లదనం ఉప్పు పొర. మీరు కారు దిగి ఆ నేల మీద కొంత దూరం నడిచి ఉంటే, పొర కాలి కింద చిటపటమని పగిలి, దాని కింద తడి ఆరని నల్లటి బురద కనిపించేది. అడుగడుగునా ఆలిచిప్పలు, గుల్లలు తగిలేవి. అంచులలోని బొరియలలో పీతలు తడిని నమ్ముకుని దాగి ఉంటాయి. ఉప్పుమడుల్లో పుట్టే సన్నని రొయ్యజాతి గుడ్లు నీరు లేకుండానే ఎండలో ఎంతో కాలం నిలిచి, వాన నీరు తగలగానే పగిలి పిల్లలవుతాయి. చలికాలంలో వచ్చే పక్షులకు అవి కూడా తిండే.

మళ్లీ మేలో వెళితే తీతువు పిట్ట కోసం చూడండి. అది గూడు కట్టదు. ఎండు నేల మీద చిన్న గుంట చేసి, చుట్టూ నాలుగు గులకరాళ్లు పేర్చి, మట్టిరంగు మచ్చలున్న నాలుగు గుడ్లు మొనలన్నీ లోపలికి ఉండేలా అమరుస్తుంది. రెండడుగుల దూరంలో ఉన్నా కనబడవు. మీరు దగ్గరికి వస్తున్నారని తెలిస్తే తల మీద తిరుగుతూ గోల చేస్తుంది. ఆ గోల వినబడగానే ఉన్నచోటనే ఆగి, వచ్చిన అడుగుజాడల వెంటే వెనక్కి వెళ్లండి.